కనాతు లోపలి వెచ్చదనం

నేను పిరికివాణ్ణి. ఈ మాట ముందే నేనే చెప్పేస్తే మీకు నన్ను ఆటపట్టించే శ్రమ తప్పుతుంది. గ్యాసు పని చేసినన్నాళ్ళూ మా షెడ్డులో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. "ఏమయ్యా భయం, చాయ్ తాగుతవా?" అనేవారు. నట్టు బిగించాక మళ్ళీ పానా పెట్టి చూసేవాణ్ణి. సబ్బు నురుగు పూసి, బుడగ రాలేదని తేల్చుకుని, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ పూసేవాణ్ణి. ఇంటికి పోయి కంచం ముందు కూర్చున్నాక ఫలానా చోట వాల్వు కట్టేశానా లేదా అన్న అనుమానం వస్తే ముద్ద దిగేది కాదు. ఈ జబ్బుకు మా ఆవిడ పెట్టిన పేరు ఇక్కడ రాయను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న కుర్రవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. ఆరుబయట పెట్టే గ్యాసు హీటర్లలో ఏది మంచిది, ఎంత ఎడంగా పెట్టాలి, ఏ గొట్టం వాడాలి అని అడుగుతారు. తెలిసింది చెబుతాను. వాళ్ళు అడగని సంగతి ఇంకొకటి ఉంది. అది చెప్పాలంటే శామీర్‌పేట దగ్గర ఒక తోటలో జరిగిన తొట్టెల పండుగ గురించి చెప్పాలి. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి. అందుకే కొంచెం చుట్టూ తిరిగి వస్తాను, ఓర్చుకోండి.

తొంభైలలో నేను దూలపల్లి వైపు చిన్న చిన్న ఫ్యాక్టరీల క్యాంటీన్లకు గ్యాసు గొట్టాలు వేసే పనిలో ఉండేవాణ్ణి. ఆ రోజుల్లో ఒక చలికాలం, ఓ ఇంట్లో స్నానాల గదిలో గ్యాసు గీజరు చూసి రమ్మని ఒక సీనియరుతో నన్ను పంపారు. వెళ్ళేసరికి వాకిట్లో జనం ఉన్నారు, లోపల ఏడుపులు. గీజరులో లోపం లేదు. గొట్టంలో లీకు లేదు. చలి వస్తోందని కిటికీకి అట్టముక్క పెట్టి మేకులు కొట్టారు, అంతే. స్నానానికి వెళ్ళిన ఇంటి యజమాని మరి లేవలేదు. నేను చూసేటప్పటికి ఆయన్ని చాప మీద పడుకోబెట్టారు. ముఖంలో బాధ లేదు, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, కాసేపు కునుకు తీస్తున్న మనిషిలా ఉన్నాడు.

నాతో వచ్చిన సీనియరు తిరుగుదారిలో చెప్పాడు. మంటకు కూడా మనలాగే గాలి కావాలి. చాలినంత గాలి దొరక్కపోతే అది ఆరిపోదు, మండుతూనే విషం కక్కుతుంది. కార్బన్ మోనాక్సైడు అంటారు. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. మనిషికి తల నొస్తుంది, ఒళ్ళు బరువెక్కుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. లీకైన గ్యాసైతే కంపు కొట్టి మనిషిని లేపుతుంది, ఇది జోకొడుతుంది అన్నాడాయన. ఆ రాత్రి మా ఇంట్లో కిటికీలన్నీ తెరిచి పడుకున్నాను. దోమలకు మా ఆవిడ నన్ను తిట్టిన తిట్లు మా వీధంతా విన్నది.

రెండు వేల సంవత్సరం దాటాక గుండ్లపోచంపల్లిలో ఒక కిరాయి సామాను సంస్థలో చేరాను. పెళ్ళిళ్ళకు జనరేటర్లు, లైట్లు, షామియానాలు, పెద్ద పొయ్యిలు ఇచ్చేవాళ్ళం. యజమాని అత్వెల్లి వైపు భూములున్న ఇంటి మనిషి. మేమంతా పటేలా అని పిలిచేవాళ్ళం. మనసు మంచిదే, చెవి మాత్రం కొంచెం మందం. వినపడక కాదు, వినబుద్ధి కాక. మేడ్చల్ రోడ్డు పొడుగునా అప్పుడే ఫంక్షన్ గార్డెన్లు లేస్తున్నాయి. ఎక్కడో పెద్ద హోటల్లో పచ్చికలో గొడుగులా నిలబడ్డ గ్యాసు హీటర్లను చూసి వచ్చి, మనమూ పెడదాం అన్నాడు. కొనడానికి నన్ను రాణిగంజ్ తీసుకుపోయాడు.

దుకాణంలో రెండు రకాలున్నాయి. పైకి చూస్తే రెండూ ఒకటే. మనిషికన్నా ఎత్తు స్తంభం, పైన గొడుగు, కింద డబ్బాలో సిలిండరు. నేను చవకదాన్ని వెలిగించమని, మెల్లగా పక్కకు ఒరగదోశాను. మంట అలాగే మండుతూ నా వైపు వచ్చింది. దుకాణదారు గుండె పట్టుకున్నాడు. రెండోదాన్ని ఒరిగిస్తే టక్కుమని ఆరిపోయింది. దాన్ని మళ్ళీ వెలిగించి, మంటను ఊది ఆర్పి, చెవి పెట్టి విన్నాను. కాసేపటికి లోపల వాల్వు దానంతటదే మూసుకున్న చప్పుడైంది. అడుగు బరువుగా ఉంది, చక్రాలున్నాయి, సిలిండరు డబ్బాకు గాలి ఆడే చిల్లులున్నాయి. ఇది తీసుకుందాం అన్నాను. దాని పుస్తకంలో మొదటి పేజీలోనే ఆరుబయట మాత్రమే వాడవలెను అని రాసి ఉంటే చదివి పటేల్‌కు వినిపించాను.

"మనం పెట్టేది తోటలల్లనే గద," అన్నాడు పటేల్. "ఇండ్లల్ల పెడ్తమా ఏంది? నీ భయం గింత దూరమొచ్చి కూడ ఊకోదా?"

నిజమే కదా అనుకున్నాను. మంచి సరుకు కొన్నామన్న ధైర్యం నాకూ వచ్చింది. నాకు ధైర్యం రావడమే తక్కువ, వస్తే ఇలా తప్పుడు చోటే వస్తుంది.

ఆ చలికాలమంతా హీటర్లు బాగా పనిచేశాయి. నాకున్న తలనొప్పి సిలిండర్లతోనే. చలికి సిలిండరు చల్లబడి గ్యాసు సన్నగా వస్తుంది. మన వంటవాళ్ళకు దానికో చిట్కా ఉంది. సిలిండరును పక్కకు పడుకోబెడతారు, లేదా మీద సలసల కాగే నీళ్ళు గుమ్మరిస్తారు. పడుకోబెడితే గ్యాసుకు బదులు ద్రవం గొట్టంలోకి దిగి మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా నవ్వేవాళ్ళు. "భయం లేని కోడి బజార్ల గుడ్డు వెట్టిందంటరు, నీ కోడి అసలు గుడ్డే వెట్టదు," అని మా డ్రైవరు ఎక్కిరించేవాడు. అతనిది శామీర్‌పేట పక్క ఊరు, ఇంట్లో దక్కనీ, బయట తెలుగు. నేను భాయ్ అనేవాణ్ణి, అతను నన్ను అన్నా అనేవాడు. ఎక్కిరిస్తూనే నేను చెప్పినట్టు సిలిండరు నిలబెట్టేవాడు. మా షెడ్డులో నా మాట విన్న మనిషి అతనొక్కడే.

తొట్టెల పండుగ పటేల్ మేనత్త ఇంట్లో వచ్చింది. శామీర్‌పేట చెరువు దాటాక వాళ్ళ తోట. ఆ పెద్దావిడ మనవరాలికి తొలికాన్పు, ఆడపిల్ల పుట్టింది. ఇరవయ్యొక్క రోజులు నిండాయని బిడ్డను తొట్టెలలో వేసే వేడుక. తోటలో కొత్త బంగ్లా లేస్తోంది, గోడలింకా తడి ఆరలేదు. అందుకని పచ్చికలోనే ఏర్పాట్లు. బాలింతకు చలి తగలకుండా ఒక మూల షామియానా కింద కనాతులు కట్టి ఆడవాళ్ళ గదిలా చేశారు. కనాతంటే మీకు తెలుసు కదా, షామియానాకు చుట్టూ కట్టే బట్ట గోడ. లోపల తొట్టెల, పరుపు, బాలింత, చుట్టాలైన ఆడవాళ్ళు. మగవాళ్ళకు అటు పోయే పని లేదు.

పొద్దెక్కినా మంచు విడవని ఉదయం అది. నాలుగు హీటర్లనూ పచ్చికలో బట్టకు దూరంగా, పైన ఆకాశం కనబడే చోట నిలబెట్టాం. సబ్బు నురుగు పూసి చూశాను, మళ్ళీ చూశాను. వచ్చినవాళ్ళు చేతులు చాపి వెచ్చ చేసుకుంటూ మెచ్చుకుంటున్నారు. పటేల్ ముఖం వెలిగిపోతోంది. అంతలో వంటల వైపు నుంచి కేక వచ్చింది. వెళ్ళి చూస్తే మళ్ళీ అదే కథ. సిలిండరును నేల మీద పడుకోబెట్టి, పక్కన వేడినీళ్ళ గుండిగతో సిద్ధంగా ఉన్నారు. వాళ్ళతో పోట్లాడి, సిలిండరు నిలబెట్టించి, కొత్తది మార్పించి వచ్చేసరికి చాలాసేపు పట్టింది.

తిరిగి వచ్చి చూస్తే పచ్చికలో హీటర్లు మూడే ఉన్నాయి.

"భాయ్, నాలుగోది ఏది?"

భాయ్ గడ్డంతో కనాతు వైపు చూపించాడు. "అందర్ ఉన్నదన్నా. పటేల్ సాబే తోసుకపోయిండు. బాలింతకు సలి పెడ్తాందని అవ్వ అన్నదట. నేను అడిగిన, అన్న రానియ్యుండ్రి అని. ఊకో, నీకేమెరుక అన్నడు."

కనాతు దగ్గరికి నడిచాను. బట్ట గోడలు నాలుగు వైపులా బిగించి ఉన్నాయి. కిందినుంచి గాలి దూరకుండా అంచుల వెంట బొంతలు, గోనె సంచులు కుక్కారు. మంచు కారకుండా పైన షామియానా కింద టార్పాలిన్ పట్టా కట్టారు. ఒక్క సందు లేదు. ఎంత శ్రద్ధగా కట్టారంటే, దాన్ని చూస్తే నాకు కిటికీకి కొట్టిన ఆ అట్టముక్క గుర్తొచ్చింది. లోపల హీటరు వెలుగు బట్టలోంచి కనబడుతోంది. బయటి హీటర్ల మంట నీలంగా, నిలకడగా ఉంది. లోపలి వెలుగు పసుపుపచ్చగా ఊగుతోంది. గాలి చాలని మంటే అలా రంగు మారుతుంది.

పటేల్ చుట్టాల మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చెవి దగ్గరికి వంగి చెప్పాను.

"పటేలా, ఆ హీటర్ లోపట ఉండొద్దు. ఇప్పుడే బయటికి తియ్యాలె."

"ఏమైంది? లీకైందా?"

"లీక్ గాలే."

"వాసనొస్తాందా?"

"రాదు పటేలా. దానికి వాసనుండదు, అదే నా భయం."

"వాసన లేని గ్యాసేంది? పడిపోతె అదే బంద్ అయితది, మంట ఆరిపోతె అదే బంద్ అయితది. నువ్వే గద మొత్తం జూసి కొనిపిచ్చినవ్?"

"అన్నీ చూసుకుంటది. గాలి ఉన్నదా లేదా అన్నది మాత్రం అది చూసుకోదు పటేలా."

పక్కనున్న చుట్టాలు నవ్వారు. వీడు తాడును జూసి పామంటడు అని పటేల్ వాళ్ళకు నన్ను పరిచయం చేశాడు. నాకు కోపం రాలేదు. నిజం చెబితే, వాళ్ళ నవ్వు విని కొంచెం ఊరట కలిగింది. ఒకవేళ నాదే పిచ్చి భయమేమో. తాడును చూసి పామనుకున్న రోజులు నా బతుకులో చాలా ఉన్నాయి. శుభకార్యం జరిగే చోట, బాలింత ఉన్న చోట, పరాయి మగాడు దూరి రభస చేస్తే ఆ ఇంటివాళ్ళు బతికున్నంతకాలం చెప్పుకుంటారు. దూరకుండా ఊరుకుంటే? ముందు నుయ్యి వెనక గొయ్యి. కనాతు బయట నిలబడి గొంతు సవరించుకున్నాను.

"అవ్వా, నేను హీటరాయన్ని. జర ఒక్క పక్క పర్దా లేపనియ్యుండ్రి. మంటకు గాలి ఆడాలె."

లోపల్నుంచి పెద్దావిడ గొంతు ఖణేల్మంది. "ఎవడ్రా అది? బాలింతకు గాలి కొడ్తె నువ్వు జవాబు జెప్తవా?"

"గాలి లేకుంటె ఆ మంట విషమైతది అవ్వా."

"మా అమ్మ కుంపటి వెట్టింది, మా అత్త వెట్టింది. పొగ సుత లేని మంటకు విషమేంది?"

ఆవిడ మాటలో తప్పు లేదు. పాత పెంకుటిళ్ళలో పెంకు పెంకుకూ సందే, కుంపటి విషం ఎటోకటు పోయేది. ఇక్కడ పోయే దారి లేదు. అది ఆ బట్టలోంచి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఈసారి ఆవిడ గొంతు తగ్గింది, బట్టకు దగ్గరగా వచ్చి మాట్లాడుతోంది.

"కొడుకా, నా మొదటి కాన్పు బిడ్డ పురిట్లనే పోయింది. ఉడుకపోస్తాందని తలుపు దీసిపెట్టింది నేనే. అంత గాలి కొట్టింది, తెల్లారేసరికి సల్లవడ్డది. గప్పటిసంది మా ఇంట్ల ఏ బాలింతకు గాలి సోకనియ్యలే. నువ్వు మంచికే జెప్తున్నవేమొ గని, పో బిడ్డా."

నాకున్నది ఒక భయం, ఆవిడకున్నది ఒక భయం. ఆవిడది నాకన్నా పెద్దది, కడుపు కోసుకుపోయినది. అక్కడే నిలబడిపోయాను.

అప్పుడు కనాతు తెర తొలగించుకుని ఒక నడివయసు ఆవిడ బయటికి వచ్చింది. తల పట్టుకుని రెండడుగులు వేసి, కుర్చీ మీద కూలబడి వాంతి చేసుకుంది. సాంబ్రాణి పొగ ఎక్కువైనట్టుంది అన్నారు ఎవరో. ఆవిడ వెనకే ఇంకొకావిడ వచ్చింది, ఆవిడకూ తల పగిలిపోతోందట. లోపల మాత్రం మాటలు, నవ్వులు సాగుతూనే ఉన్నాయి.

"బిడ్డ బుగ్గలు సూడుండ్రి, ఎట్ల ఎర్రగైనయో! వెచ్చగుండేసరికి ఎంత మంచిగ పండుకున్నది!"

"హీటర్ వెట్టినసంది కిక్కురుమనలే. పాల యాళ్ళ దాటినా లేవలే."

పాల వేళ దాటినా ఇరవయ్యొక్క రోజుల పిల్ల లేవకపోవడమేమిటి? నా కళ్ళ ముందు చాప మీద పడుకోబెట్టిన మనిషి కనబడ్డాడు. భయం ఎప్పుడూ నన్ను వెనక్కి లాగేది, ఆ ఒక్క రోజు ముందుకు తోసింది. ధైర్యం అనకండి, అది ధైర్యం కాదు. అక్కడ నిలబడి ఉండటానికి వేసిన భయం లోపలికి దూరడానికి వేసిన భయాన్ని మించిపోయింది, అంతే.

"భాయ్, అటు పక్క తాడు కొయ్యి!"

భాయ్ ఎందుకు అని అడగలేదు. అవతలి గుంజ దగ్గర అతను, ఇవతల నేను, కనాతు తాళ్ళు తెంపేశాం. రెండు వైపుల బట్ట గోడలు ఒక్కసారిగా కిందికి జారాయి. మంచుగాలి విసురుగా లోపలికి కొట్టింది. ఆడవాళ్ళు కెవ్వున అరిచారు. నేను తల వంచుకుని దూరి, హీటరు డబ్బా తెరిచి సిలిండరు వాల్వు తిప్పేశాను. చెయ్యి ఎక్కడ కాలిందో కూడా అప్పుడు తెలియలేదు. లేచి నిలబడేసరికి చెంప పేలిపోయింది. పటేల్ కొట్టాడు.

"నీకేమన్న సోయున్నదా? బాలింత ఉన్న తావుల దూరుతవా?"

రెండో దెబ్బకు ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. అందరూ ఇంత గోల చేస్తుంటే బాలింత కదల్లేదు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, వాటిలోంచి నీళ్ళు కారుతున్నాయి. పైట జారినా సర్దుకోవడం లేదు. తొట్టెలలో బిడ్డ కూడా కదల్లేదు. అంత అరుపుకు పసిపిల్ల ఉలిక్కిపడాలి కదా!

పెద్దావిడ గబుక్కున బిడ్డను ఎత్తుకుని కొంగు కప్పబోయింది. భాయ్ ఆవిడ ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"అవ్వా, నేను నీ కొడుకసొంటోన్ని. బిడ్డ మొఖం మీద బట్ట కప్పకు, గాలి పీల్చనియ్యి. నడువు, జల్దీ దవాఖానకు పోదం."

పెద్దావిడ బిడ్డ ముఖం చూసింది, బాలింత ముఖం చూసింది. కొంగు తీసేసింది. ఆ ఇంటి పెద్దాయన, బాలింత తండ్రి, కారు తాళాలు భాయ్ చేతికి విసిరాడు. బాలింతను ఇద్దరు ఎత్తుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టారు. పెద్దావిడ బిడ్డతో ఆమె పక్కన ఎక్కింది. నేను ముందు కూర్చున్నాను.

మేడ్చల్‌కు ఆ దారి నేను ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఆ రోజంత పొడుగ్గా ఎప్పుడూ లేదు. అద్దాలన్నీ దించమని నేనే అరిచాను. వెనక్కి తిరిగి చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం. ఏమైనా అయితే, నేను గాలి తగలనిచ్చినందుకే అయిందని ఈ ఇల్లంతా అంటుంది. అననీ. ఏమీ కాకపోతే చాలు, ఎవరేమన్నా పడతాను అని మొక్కుకున్నాను. పసిపిల్ల ఏడుపు కోసం నేను జీవితంలో అంతగా ఎదురుచూడలేదు. నా సొంత పిల్లలు పుట్టినప్పుడు కూడా.

ఊళ్ళు దాటుతున్నాం. ఒక చోట రోడ్డు మీద గొర్రెల మంద అడ్డం వచ్చింది. భాయ్ హారన్ మీదినుంచి చెయ్యి తీయలేదు. ఆ మోతలో సన్నగా, పిల్లికూనలా ఒక మూలుగు వినబడింది. మొదట అది బిడ్డదని నమ్మలేదు. భాయ్ హారన్ ఆపాడు. మూలుగు మళ్ళీ వచ్చింది, ఈసారి కొంచెం గట్టిగా. భాయ్ స్టీరింగు పట్టుకునే అల్లాను తలుచుకున్నాడు.

ఆసుపత్రిలో తల్లికీ బిడ్డకూ ఆక్సిజను పెట్టారు. ఏం జరిగిందో నేను చెప్పుకొస్తుంటే డాక్టరమ్మ మధ్యలోనే ఆపి ఒక్కటే అడిగింది, దారిలో బిడ్డ ఏడ్చిందా అని. ఏడ్చింది అన్నాను. అయితే కూర్చోండి, చెయ్యి కాలింది, చూపించండి అంది. అప్పుడు చూసుకున్నాను, అరచెయ్యి బొబ్బలెక్కి ఉంది. పట్టీ కట్టించుకుని, తల్లీబిడ్డలున్న గది ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను.

ఇంతకూ, ఏ హీటరు కొనాలని అడుగుతారు కదా. పడిపోతే ఆగేది, మంట ఆరితే గ్యాసు మూసుకునేది, అడుగు బరువున్నది కొనండి. సిలిండరు నిలబెట్టే ఉంచండి. బట్టకు దూరంగా పెట్టండి. ఇవన్నీ పుస్తకంలో ఉంటాయి. పెట్టి మీరు వంటల వైపు వెళ్ళాక దాన్ని ఎవరో ప్రేమతో లోపలికి తోసుకుపోతారు, అది పుస్తకంలో ఉండదు. చెడ్డవాళ్ళెవరూ లేరు ఆ తోటలో. బాలింతకు చలి పెట్టకూడదని పటేల్, బిడ్డకు గాలి సోకకూడదని పెద్దావిడ. ఆ బొంతలు కుక్కిన చేతులన్నీ ప్రేమగా కుక్కినవే. అందుకే హీటరు దగ్గర ఒక మనిషిని కాపలా పెట్టకుండా వెళ్ళకండి. ఆరుబయట అన్న మాటకు అర్థం స్థలం కాదు, గాలి. నాలుగు వైపులా బట్ట కడితే తోట కూడా గదే. ఎవరైనా వాసన వస్తోందా అని అడిగితే, వాసన లేదు కాబట్టే భయపడుతున్నానని చెప్పండి. నవ్వుతారు. నవ్వనివ్వండి.

మర్నాడు మధ్యాహ్నం తల్లీబిడ్డలను ఇంటికి తీసుకుపోవచ్చన్నారు. పటేల్ మమ్మల్నే పంపాడు. తను వస్తాడని అనుకున్నాం, రాలేదు. మేనత్త ముఖం చూడటానికి అతనికి ధైర్యం చాల్లేదని భాయ్ అన్నాడు. నా చెంప సంగతి తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు కానీ, మిగిలిన చలికాలమంతా హీటర్లు ఎక్కడ పెట్టాలన్నా నా ముఖం చూసేవాడు.

కారెక్కగానే పెద్దావిడ అద్దాలన్నీ మూయించింది. బిడ్డను చెవులదాకా చుట్టింది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తాడు తెంపినందుకు కోపంగా ఉందో ఏమో, అడిగే ధైర్యం నాకు లేదు. మేడ్చల్ దాటి చాలాదూరం వచ్చాక బాలింత నోరు తెరిచింది. గొంతు ఇంకా బొంగురుగా ఉంది.

"అవ్వా, నాకు సోయి ఉండె."

పెద్దావిడ ఆమె వైపు తిరిగింది.

"నాకు అన్ని ఇనవడ్తుండె అవ్వా. అందరు నవ్వుతుండ్రి, బిడ్డ మంచిగ పండుకున్నదని. నాకెందుకో బుగులైంది. లేద్దామంటె కాళ్ళు రాలే. పిలుద్దామంటె నోరు రాలే. తొట్టెల నా ముందలనే ఉన్నది, సెయ్యి సాపుదామంటె సెయ్యి లేవలే. నువ్వు నా పక్కకే ఉన్నవు. నా దిక్కు జూసి, కండ్లల్ల నీళ్ళు జూసి, నవ్వి నా తల నిమిరినవ్. సంతోషానికి ఏడుస్తున్న అనుకున్నవ్."

భాయ్ రోడ్డు మీదినుంచి కళ్ళు తిప్పలేదు. కనాతు బయట నేను నిలబడి తటపటాయిస్తున్నంతసేపూ, లోపల ఆ పిల్ల అలా కూర్చుని ఉందన్నమాట.

కొంతసేపటికి వెనక కిర్రుమని చప్పుడైంది. వెనక్కి తిరిగి చూశాను. పెద్దావిడ తన పక్క కిటికీ పిడి పట్టుకుని మెల్లగా తిప్పుతోంది. అద్దం రెండు వేళ్ళ సందు దిగింది, అక్కడ ఆపింది. చలిగాలి సన్నగా లోపలికి వచ్చి ఆవిడ తెల్లజుట్టును కదిలించింది. పిడి మాత్రం వదల్లేదు. మళ్ళీ మూసేస్తుందేమో అనుకున్నాను. ఆవిడ ఇంకో చేత్తో బిడ్డ ముఖం మీది గుడ్డ పక్కకు జరిపి, కళ్ళు గట్టిగా మూసుకుంది. శామీర్‌పేట వచ్చేదాకా ఆ అద్దం అలాగే ఉంది.